పులియుటయు చెడుటయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



తెలుగువారి వంటయింటిలో ప్రతి రాత్రియు ఒక శాస్త్రప్రయోగము జరుగుచుండును. ఇల్లాలు పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, అందులో చెంచెడు తోడు వేసి, మూతపెట్టి నిద్రించును. తెల్లవారుసరికి పెరుగు గట్టిగా తోడుకొని యుండును. ఎప్పుడో ఒకనాడు మాత్రము పెరుగు జిగురుగా తీగ సాగును. లేదా నీరు విడిచి చేదెక్కును. అప్పుడామె పాలను నిందింపదు, పొయ్యిని నిందింపదు. “తోడు చెడినది” అనును. గిన్నెను చింతపండుతో తోమి, మరిగిన నీళ్లు పోసి, ఎండలో బోర్లించును. పొరుగింటినుండి కొత్త తోడు తెచ్చుకొనును. మరునాడు పెరుగు యథాప్రకారము తోడుకొనును.

ఈ చిన్న పనిలో దాగిన రహస్యమును శాస్త్రజ్ఞులు తెలిసికొనుటకు చాలకాలము పట్టినది. వారు దానిని తెలిసికొన్నది పాలగిన్నెలో కాదు. చాలవరకు బీరు తొట్టెలలోను, ద్రాక్షసారాయి పీపాలలోను. అందుచేత నేటి ప్రసంగమునకు బీరు విషయమైనది. పులియుచున్న బీరులో అన్యక్రిములు చేరకుండ దానిని కాపాడుట ఎట్లు? ఆ విద్య ఎవరివలన, ఎట్టి కష్టముమీద లోకమునకు లభించినది? ఇదే ఇక్కడ చెప్పదలచిన కథ.

ముందుగా ఒక మాట. ఈ ప్రసంగము ఎవరిచేతనైనను బీరు కాయించుటకు ఉద్దేశించినది కాదు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము 1968లో ఏర్పడినది. లైసెన్సు లేనిదే మద్యము తయారుచేయుట దాని ప్రకారము నేరము. తెలంగాణలోను నియమమిదే. ఇంగ్లండులో 1880లో వచ్చిన చట్టము ననుసరించి ఇంట బీరు కాచుకొనువారు లైసెన్సు తీసికొనవలసి యుండెడిది. ఆ నిర్బంధము 1963లో తొలగినది. అమెరికాలో 1978లో శాసనము చేసి, ఇంటి వాడుకకు బీరు కాచుకొనుటను అనుమతించిరి. కావున ఈ ప్రసంగములో “ఇంటి బీరు” అన్నచో ఆ దేశములలోని ఇండ్లలో కాచుకొనునదియే యని గ్రహింపవలెను.

బార్లీ గోధుమకు దాయాది యైన ధాన్యము. గింజలను నానబెట్టి, మొలకెత్తించి, మొలక ముదరక మునుపే వేడిగాలిలో ఆరబెట్టుదురు. దానినే మాల్టు అందురు. పసిబిడ్డల కొరకు రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి విసరుకొను తల్లులకు ఈ పని కొత్త కాదు. మొలకెత్తునప్పుడు గింజలో పుట్టు ఎంజైములు పిండిపదార్థమును చక్కెరగా మార్చగలవు. మాల్టును బరకగా నలిపి 65 మొదలు 68 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల నీళ్లలో గంటసేపు నానవేసినచో తీయని రసము దిగును. ఈ రసమునకు వర్ట్ అని పేరు. దానిలో హాప్సు అను తీగ పూవులను వేసి గంటకు తగ్గకుండ మరిగింతురు. హాప్సు చేదు నిచ్చును. కొన్ని క్రిములను అణచియుంచును. తరువాత రసమును చల్లార్చి ఈస్టు కలుపుదురు. ఈస్టు ఏకకణ శిలీంధ్రము. ఇది చక్కెరను ఆరగించి, ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. ఇదియే పులియుట.

మరుగుచున్నంతసేపు రసమునకు ఏ భయమును లేదు. ప్రమాదమంతయు చల్లారిన తరువాతనే. గోరువెచ్చని తీయని రసము ఈస్టుకు ఎట్లు విందో, గాలిలోని ధూళిమీదను, పాత్రల పగుళ్లలోను, మనుష్యుల చేతులమీదను నివసించు వేనవేల క్రిములకును అట్లే విందు. ఎవరు ముందుగా విస్తరి ముందు కూర్చుందురో వారిదే భోజనము. దుక్కి దున్ని నీరు పెట్టిన మడిలో నాట్లు ఆలస్యమైనచో ఏమగునో రైతులకు తెలియును. తుంగ ముందు లేచును. తరువాత నాటిన వరి దాని నీడలో నీరసించును. ఇక్కడను అంతే. ఈస్టు త్వరగా, తగినంతగా చేరినచో ఒకటి రెండు దినములలో రసమునంతటిని ఆక్రమించును. దానిలోని ప్రాణవాయువును హరించును. పులుపును పెంచి, ఆల్కహాలును పుట్టించి, పగవారికి నిలువ నీడ లేకుండ చేయును. శాస్త్రజ్ఞులు పులుపును పి.హెచ్. అను కొలతతో చెప్పుదురు. రసము మొదట సుమారు 5.2 ఉండి, పులిసిన పిమ్మట 4.2 ప్రాంతమునకు దిగును. అంకె దిగినకొలది పులుపు హెచ్చినట్లు.

పగవారు అనేకులు, వారిలో ముఖ్యులను చెప్పుకొన్న చాలును. లాక్టోబాసిల్లస్ అను కడ్డీ ఆకారపు క్రిమి బీరును పుల్లబరచును. ఇది పెరుగు తోడులోని క్రిములకు చుట్టము. పీడియోకాకస్ అనునది గుండ్రని క్రిమి. ఇది చేరినచో బీరుకు వెన్న మాగినట్టి వాసన వచ్చును, కొన్ని వేళల బంకవలె తీగ సాగును. అసిటోబాక్టర్ గాలి సోకిన చోటనే పెరిగి ఆల్కహాలును వినిగరుగా మార్చును. వీని యన్నింటికంటెను మాయావి అడవి ఈస్టు. చూచుటకు మంచి ఈస్టువలెనే యుండును. పని మాత్రము వేరు. లవంగపు ఘాటో, మందుల కంపో తెచ్చును. సీసాలలోనికి చేరినచో మంచి ఈస్టు వదలిన చక్కెరలను గూడ ఆరగించి వాయువును పెంచి సీసాలను పగులగొట్టును. బీరు చెడుటవలన నష్టము రుచికే యనుకొనరాదు. పగిలిన సీసాపెంకు కన్ను తీయగలదు.

ఈ క్రిముల సంగతి ఎరుగక మునుపే జనులకు అనుభవజ్ఞాన ముండెను. జర్మనీలోని బవేరియాలో 1516లో వెలువడిన ప్రసిద్ధ శాసనము బీరును బార్లీ, హాప్సు, నీరు అను మూటితోనే చేయవలెనని విధించినది. అందులో ఈస్టు పేరు లేదు! పులియించు ప్రాణి ఒకటి కలదని ఆనాటి రాజులకు తెలియదు. అయినను వేసవిలో కాచిన బీరు చెడునని మాత్రము తెలియును. 1553లో అదే బవేరియాలో ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబరు 29 వరకు బీరు కాచరాదని నిషేధించిరి. ఈ నిషేధము 1850 వరకు అమలులో నుండెను. కారణ మెరుగకున్నను కార్యము సరియైనదే. చలిలో అన్యక్రిములు మందగించును. చలికి తాళిన ఈస్టు మెల్లగా తన పని చేసికొనును.

క్రీస్తుశకము 1680 ప్రాంతమున హాలండు దేశీయుడైన లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో బీరు మడ్డిని చూచి చిన్న చిన్న గోళములను కనిపెట్టెను. అవి ప్రాణులని మాత్రము ఆయన తలపలేదు. 1837 ప్రాంతమున ఫ్రాన్సులో కానియార్ లటూర్, జర్మనీలో ష్వాన్, క్యూట్జింగ్ అను మువ్వురు వేరువేరుగా ఈస్టు సజీవమని చెప్పిరి. ఆ కాలపు పేరుమోసిన రసాయనశాస్త్రజ్ఞులు వారిని పరిహసించిరి. పులియుట కేవలము రసాయనిక విచ్ఛేదమే యని వారి వాదము.

ఆ వాదమును తారుమారు చేసినవాడు లూయీ పాశ్చరు. ఆయన 1854లో ఫ్రాన్సులోని లీల్ పట్టణమున విజ్ఞానశాస్త్ర విభాగమునకు అధిపతియై వచ్చెను. 1856లో బిగో అను వర్తకుడు ఆయన యొద్దకు వచ్చి తన గోడు చెప్పుకొనెను. బీటుదుంపల రసమునుండి ఆల్కహాలు తీయు కార్ఖానా అతనిది. కొన్ని తొట్టెలు చక్కగా పులియుచుండెను. కొన్ని పుల్లబడి పాడగుచుండెను. వేలకొలది ఫ్రాంకులు మట్టిపాలగుచుండెను. పాశ్చరు మంచి తొట్టెల రసమును సూక్ష్మదర్శిని క్రింద చూడగా గుండ్రని ఈస్టు గోళములు కనిపించెను. చెడిన తొట్టెల రసములో వానికంటె చాల చిన్నవైన కడ్డీలు కదలాడుచుండెను. ఈ కడ్డీలే పులుపును పుట్టించుచున్నవని ఆయన గ్రహించెను. 1857లో ఈ విషయమును ప్రకటించెను. ఒక్కొక్క పులుపునకు ఒక్కొక్క ప్రాణి కారణమని ఆయన తేల్చిన సత్యము. తరువాత హంసమెడవలె వంగిన గొట్టముగల గాజుబుడ్లలో రసమును కాచి నిలువయుంచి, ధూళి లోనికి పోని యెడల రసము చెడదని ఋజువు చేసెను. గాలి లోనికి పోవుచునే యుండెను. ధూళి మాత్రము మెడ వంపులో నిలిచిపోయెను. తెలిసిన కథయే. అయినను ఇంటి బీరు కాచువాని గాలిబిరడా ఈ హంసమెడకు మనుమరాలని గుర్తుంచుకొనదగును.

1870-71 యుద్ధములో ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడినది. ఆ పరాభవము పాశ్చరు హృదయమును దహించెను. కత్తితో గెలువలేని జర్మనులను బీరుతో గెలుతమని తలచెనో యేమో, బీరును పరిశోధించుటకు పూనుకొనెను. వింత యేమనగా ఆయనకు బీరు రుచించెడిది కాదని సన్నిహితులు వ్రాసియున్నారు! 1871 సెప్టెంబరులో లండనులోని విట్‌బ్రెడ్ వారి కార్ఖానాకు పోయి, అక్కడి ఈస్టును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, ఈ బీరులో లోపమున్నదని చెప్పెను. యజమానులు నివ్వెరపోయిరి. ఖాతాదారులు అప్పటికే ఫిర్యాదు చేసియుండిరి. ఆ సంగతి వారు బయట పెట్టలేదు. వారము దినముల పిమ్మట పాశ్చరు మరల పోయిచూచుసరికి వారొక సూక్ష్మదర్శినిని కొని యుంచిరి. 1876లో ఆయన బీరును గూర్చి వ్రాసిన గ్రంథము వెలువడినది. బీరు చెడుటకు కారణము దానిలో చేరిన అన్యక్రిములే యని అందు నిరూపించెను.

పాశ్చరు బాక్టీరియాలను పట్టుకొనెను గాని అడవి ఈస్టును పట్టుకొనలేకపోయెను. ఆ పని చేసినవాని కథ ఈ గ్రంథాలయ సభలో కొంచెము విపులముగానే చెప్పదగినది.

డెన్మార్కులోని రీబె పట్టణమున 1842లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ జన్మించెను. తండ్రి ఇండ్లకు రంగులు వేయువాడు. కొడుకును కొంతకాలము ఆ పనియే చేసెను. చదువుకొను తహతహ మాత్రము అతనిని విడువలేదు. ఉపాధ్యాయుడై, పట్టుదలతో చదువుకొని, విశ్వవిద్యాలయములో చేరెను. డార్విన్ సముద్రయాత్రా గ్రంథమును మరియొకరితో కలసి డేనిష్ భాషలోనికి అనువదించెను. శిలీంధ్రములమీద వ్రాసిన వ్యాసమునకు స్వర్ణపతకము పొందెను. రంగుల బ్రష్షు పట్టిన చేతికి సూక్ష్మదర్శిని అందుటకు నడుమ నిలిచినవి పుస్తకములే.

అదే దేశములో యాకబ్సెన్ అను బీరు వ్యాపారి యుండెను. ఈయన 1845లో జర్మనీలోని మ్యూనిచ్ నగరమునకు పోయి, చలిలో పులియించు అక్కడి ఈస్టును రేకుడబ్బాలలో పోసికొని, గుఱ్ఱపుబండిమీద కోపెన్‌హేగెన్ చేరెను. దారిలో బండి ఆగిన చోటనెల్ల దిగి, డబ్బాలమీద చన్నీళ్లు పోసి ఈస్టును బ్రతికించుకొనెను. తోడు గిన్నెను కొంగుచాటున దాచుకొని పుట్టింటినుండి అత్తింటికి తెచ్చుకొను కోడలు ఎవరికైన జ్ఞప్తికి రావచ్చును. 1847లో తన కార్ఖానాను స్థాపించి, కుమారుడగు కార్ల్ పేరిట కార్ల్స్‌బెర్గ్ అని పేరుపెట్టెను. 1875లో దానికి అనుబంధముగా ప్రయోగశాలను నెలకొల్పెను. అక్కడ కనుగొన్న విషయమేదైనను, సిద్ధాంతమునకుగాని ఆచరణకుగాని ముఖ్యమైనచో, రహస్యముగా నుంచరాదని ఆ సంస్థకు నియమము విధించెను. వ్యాపారి యొకడు తన పోటీదారులకు గూడ తలుపు తెరచియుంచుట! ఈ నియమము అప్పటికి కేవలము కాగితముమీది అక్షరములే. దాని పరీక్ష కొన్ని సంవత్సరములకు వచ్చినది.

హాన్సెన్ 1879లో ఈ ప్రయోగశాలలో జీవశాస్త్ర విభాగమునకు అధిపతి యయ్యెను. పండ్లు మాగు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తోటలనుండి అడవి ఈస్టులు గాలిలో విస్తారముగా ఎగురుచుండునని ఆయన పరిశోధించెను. 1883లో కార్ల్స్‌బెర్గ్ బీరు చెడినది. చేదు పట్టి, వాసన మారి, కొనువారు మొగము త్రిప్పుకొనిరి. బాక్టీరియాలు దొరకలేదు. కాచువారు నీరు, మాల్టు, పాత్రలు అన్నియు అనుమానించిరి. హాన్సెన్ ఈస్టునే అనుమానించెను. ఈస్టు అని అందరు పిలుచునది ఒక్క జాతి కాదేమో, మంచి విత్తనములలో కేళీలు కలసినట్లు అందులో కల్తీ కలదేమో యని ఆయన సందేహము.

సందేహము సులభమే, ఋజువే కష్టము. కంటికి కనబడని కణములను ఒక్కొక్కటిగా విడదీయుట ఎట్లు? ఆయన ఈస్టును నీటిలో కలిపి, ఆ నీటిని మరల మరల పలుచన చేసి, ఒక చుక్కలో సగటున ఒక కణమునకు మించి యుండరానంతగా పలుచబరచెను. ఆ చుక్కలను శుచియైన రసముగల గాజుబుడ్లలో వేసి కదపకుండ నుంచెను. కొన్ని దినములకు అడుగున ఒకే మచ్చ కనిపించిన బుడ్డిలో ఒకే కణము పెరిగినదని నిశ్చయించెను. ఇట్లు కార్ఖానా ఈస్టునుండి నాలుగు జాతులను వేరుపరచెను. నాలుగింటితోను వేరువేరుగా బీరు పులియించి చూచెను. ఒక్కటి మాత్రమే మంచి బీరు నిచ్చెను. రోగమును తెచ్చిన అడవి ఈస్టుల గుట్టు అంతటితో బయటపడినది. యాకబ్సెన్ మొదట సంశయించెను. నలువది సంవత్సరములనాడు తన చేతులతో డబ్బాలలో మోసి తెచ్చిన ఈస్టు కల్తీ యనినచో ఎవరి మనసైనను ఒప్పుకొనునా? ప్రయోగఫలము చూచిన పిమ్మట ఒప్పుకొనెను. 1883 నవంబరు 12వ తేదీన ఒకే కణమునుండి పెంచిన శుద్ధ ఈస్టుతో కార్ఖానాలో మొదటిసారి బీరు పులియించిరి.

అప్పుడు ఆ నియమమునకు పరీక్ష వచ్చినది. యాకబ్సెన్ వెనుదీయలేదు. ఆ ఈస్టును అడిగిన కార్ఖానాలవారి కెల్ల పంచిపెట్టించెను. పద్ధతిని హాన్సెన్ ప్రకటించెను. 1887లో యాకబ్సెన్ మరణించిన పిమ్మట ఆయన కార్ఖానా ఆయనే నెలకొల్పిన విద్యాసంస్థకు సొంతమైనది. ఆ ప్రయోగశాలలోనే 1883లో కేల్డాల్ అను రసాయనజ్ఞుడు ధాన్యములోను పాలలోను మాంసకృత్తులను లెక్కించుటకు వీలైన నత్రజని పరీక్షను కనుగొనెను. 1909లో సోరెన్‌సెన్ అను మరియొకరు పి.హెచ్. కొలతను ఏర్పరచెను. నేడు రైతు చేతికి వచ్చు భూసారపరీక్ష కార్డుమీద మొదటి వరుసలలోనే కనబడు పి.హెచ్. అంకె బీరు కార్ఖానాలో పుట్టినదని ఎందరికి తెలియును?

ఇక ఇంట బీరు కాచుకొనువారి జాగ్రత్తల సంగతి. ఇక్కడ అందరు చేయు పొరపాటు ఒకటి కలదు. మురికిని వదలగొట్టుట వేరు, క్రిములను చంపుట వేరు. పాత్ర గోడలకు ఎండిన నురుగు అంటియుండగా మందునీరు పోసిన ప్రయోజనము లేదు. ఆ పొర క్రింద క్రిములు క్షేమముగా నుండును. మొదట వేడినీళ్లతో నానవేసి, మెత్తని గుడ్డతో తుడిచి, జిడ్డంతయు పోగొట్టవలెను. పిమ్మటనే క్రిమిసంహారము. ప్లాస్టికు డబ్బాలను పీచుతోగాని తీగతోగాని రుద్దరాదు. రుద్దిన గీతలలో క్రిములు దాగును. ఏ మందును అంతలోతునకు పోదు. గీతలు పడిన డబ్బా నీళ్లకు పనికివచ్చును గాని బీరుకు పనికిరాదు. గాజుబుడ్డి ఈ విషయములో మేలు, అయితే చేయి జారినచో ప్రమాదము.

మందులలో చౌకయైనది ఇంట వాడు బ్లీచింగు ద్రవము. లీటరు చన్నీటికి 4 మిల్లీలీటర్లు కలిపి, 20 నిమిషములు పాత్రలను నానవేసి, కాచి చల్లార్చిన నీటితో కడుగుదురు. కుళాయినీటితో కడిగినచో చేసిన పని వ్యర్థము. బ్లీచింగును వినిగరుతో కలిపినచో విషవాయువగు క్లోరిను పుట్టును. ఈ రెండింటిని దగ్గరకు చేర్చనే కూడదు. అనుభవజ్ఞులు అయొడిను ద్రావణములనుగాని, పులుపు గుణము గల మందులనుగాని మెచ్చుకొందురు. వీనిని సరియైన పాళ్లలో కలిపినచో మరల కడుగనక్కరలేదు. సమయమును రెండు నిమిషములు చాలును. లోహపాత్రలకు మరిగిన నీరే మందు.

చల్లార్చుట ఎంత త్వరగా జరిగిన అంత మేలు. మరిగిన రసమును రాత్రియంతయు ఆరుబయట వదలివేయుట మడిని దున్ని నాటకుండ వదలుటయే. కొందరు పాత్రను మంచునీటి తొట్టెలో దింపుదురు. కొందరు రాగి గొట్టపు చుట్టను రసములో ముంచి, గొట్టములో చన్నీరు ప్రవహింపజేయుదురు. గొట్టమును మరుగు చివరి పావుగంటలో రసములోనే ముంచియుంచినచో దానికి వేరే శుద్ధి అక్కరలేదు. కాచిన రసమును ఈస్టు కలుపకుండ డబ్బాలో బిగించి దినముల తరబడి నిలువచేయువారును కలరు. ఇది మంచిది కాదు. పులియని రసములో పులుపు తక్కువ. గాలి సోకని చోట పెరుగు బొటులినమ్ అను ప్రాణాంతక విషక్రిమికి అది అనుకూలము. పులిసిన బీరులో ఈ భయము లేదు.

ఈస్టు విషయములో పిసినారితనము పనికిరాదు. 20 లీటర్ల రసమునకు సుమారు 11 గ్రాముల పొడి ఈస్టు, 18 మొదలు 22 డిగ్రీల వేడిలో, సాధారణమైన ఏల్ జాతి బీరుకు సరిపోవును. ఇట్లు చేసినచో మిల్లీలీటరు ఒక్కింటికి లక్షలకొలది సైనికులు దిగినట్లే. పాత ఈస్టును, కాలము తీరిన పొట్లమును వాడినచో పులియుట ఆలస్యమగును. ఆ ఆలస్యములోనే దొంగలు పడుదురు.

పులియు పాత్రకు మూతలో రంధ్రము చేసి, నీరు నింపిన వంపుగొట్టమును అమర్చుదురు. లోపలి వాయువు బుడగలుగా వెలికి పోవును. వెలుపలి ధూళియు, పండ్ల ఈగయు లోనికి రావు. ఈ ఈగ చూచుటకు అల్పము గాని దాని కాళ్లకు వినిగరు క్రిములు అంటియుండును. ఇంత ఏర్పాటు చేసియు, ఆత్రము పట్టలేక దినమునకు రెండుసార్లు మూత తీసి చూచువారిని ఏమనవలెను? గారెల పిండిని మాటిమాటికి వేలుపెట్టి చూచు పిల్లవానికిని వీరికిని భేదము లేదు. మరికొందరు అన్ని జాగ్రత్తలు తీసికొని, తుదకు బీరును సీసాలలోనికి దించునప్పుడు రబ్బరు గొట్టమును నోటితో పీల్తురు. నోరు లాక్టోబాసిల్లస్‌లకు కాపురము! మాల్టు గింజలమీదను ఆ క్రిములు మెండు. కావున గింజలను నలుపు గదిలో చల్లారిన రసమును తెరచియుంచరాదు. పిండి ధూళి కంటికి కనబడకుండ వచ్చి వ్రాలును.

కొత్తవారికి మరియొక బాధ. రెండవ దినమున పాత్రలో గోధుమరంగు నురుగు గడ్డలు గడ్డలుగా లేచి, గోడలకు మురికివలె పట్టి, గంధకపు వాసన వచ్చును. చెడినదని భయపడి పారబోయుదురు. అది చెడుట కాదు. ఈస్టు ఉత్సాహముగా పనిచేయుటకు గుర్తు. నురుగు తానుగా అణగిపోవును. నిజముగా చెడినప్పుడు లక్షణములు వేరు. పులియుట ముగిసిన చాల దినములకు పైన తెల్లని ముడుతల పొర కట్టును. లేదా బూజు నూగువలె పెరుగును. సీసా మెడలో వలయము ఏర్పడును. సీసా తెరువగనే బీరంతయు నురుగై పైకి చిమ్మును. తొందరపడి పారబోసినవారు, తొందరపడి త్రాగినవారికంటె తక్కువ నష్టపోవుదురు గాని, ఇరువురును ముక్కును, కన్నును నమ్మి రెండు దినములు ఓపిక పట్టుట మంచిది. సీసాలలో లీటరునకు 6, 7 గ్రాములకు మించి చక్కెర వేయరాదు. పులియుట పూర్తికాక మునుపు బిరడా బిగింపనే రాదు.

ఇంతవరకు అడవి క్రిములను పగవారని చెప్పుటయైనది. బెల్జియములో బ్రస్సెల్స్ నగర పరిసరములలో లాంబిక్ అను బీరు కాచువారు ఈ మాటకు నవ్వుదురు. వారు వేడి రసమును వెడల్పైన లోతులేని తొట్టెలో పోసి, కిటికీలు తెరచి, రాత్రియంతయు గాలికి వదలుదురు. గాలిలోని క్రిములే దానికి తోడు. తరువాత కొయ్య పీపాలలో నెలలు, సంవత్సరములు మాగవేయుదురు. ఇంగ్లీషు బీరులో దొరికిన బ్రెటనోమైసిస్ అను ఈస్టుకు 1904లో కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలోని క్లౌసెన్ పేరుపెట్టెను. మరియొక చోట శత్రువైన ఆ జాతియే లాంబిక్‌లో గౌరవింపబడును. వారును వేసవిలో కాచరు. అక్టోబరు మొదలు వసంతకాలము వరకే. స్వేచ్ఛకును హద్దు కలదన్నమాట.

తెలుగునాటను ఈ రెండు మార్గములు కలవు. తాటికల్లు లాంబిక్‌వలె అడవి తోడుతోనే పులియును. తెల్లవారుజామున దింపిన తీయని రసము మధ్యాహ్నమునకు ఘాటెక్కి, సాయంకాలమునకు పుల్లబడును. పులియరాదనుకొన్నచో గీతగాడు కుండ లోపల సున్నము పూయును. సున్నమున్న చోట క్రిములు చొరలేవు కనుక నీరా తీయగా నిలుచును. ఇడ్లీపిండికి ఎవరును తోడు వేయరు. మినుములమీది క్రిములే పులియబెట్టును. గోదావరి ప్రాంతపు తరవాణి కుండ కథ వేరు. దాని తోడును ఇల్లాలు జాగ్రత్తగా కాపాడుకొనును. ఎంగిలి చేయి తగులనీయదు. ఆవకాయ జాడీలోనికి తడి గరిటె పోరాదని పిల్లలను గద్దించు నాయనమ్మకు అసిటోబాక్టర్ పేరు తెలియకపోవచ్చును. గాలి, తడి, చేయి అను మూటినే ఆమె అరికట్టినది. హాన్సెన్ అరికట్టినవియు అవియే.

హాన్సెన్ 1909లో గతించెను. ఆయన శుద్ధి చేసిన ఈస్టు జాతికి ఆయనే 1908లో కార్ల్స్‌బెర్గ్ పేర నామకరణము చేసెను. నేడు దానిని సాకరోమైసిస్ పాస్టోరియానస్ అందురు. పాశ్చరు పేరు అందులో నిలిచినది. అది రెండు జాతుల సంకరమని తేలగా, తెలియని రెండవ జాతి దక్షిణ అమెరికా కొననున్న పటగోనియా అడవులలో దొరకినట్లు 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కార్ల్స్‌బెర్గ్ పాత నేలమాళిగలలో 1883 నాటి సీసాలు కొన్ని బయటపడినవి. వానిలో ఒకదాని అడుగు మడ్డిలో ఈస్టు కణములు ఇంకను సజీవముగా నుండెను. బిరడా గట్టిది, లోపలికి మరియే క్రిమియు చొరలేదు. ఆ కణములను మరల పెంచి, నాటి పద్ధతిలో రసము కాచి, పులియించి, 2016లో ఆ బీరును అతిథులకు పోసిరి.